గంటకు పది రూపాయలు: ఒక వీడియో గేమ్ పార్లర్ యజమాని అనుభవ పాఠాలు

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు, వాడి స్నేహితుడు మా వసారాలో కూర్చుని గొంతులు చించుకుంటున్నారు. ఒకడిది ప్లేస్టేషన్ పక్షం, ఇంకొకడిది ఎక్స్‌బాక్స్ పక్షం. ఎవరి పెట్టె ఎన్ని కోట్లు అమ్ముడుపోయిందన్నది తగువు. అరిసెల పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. "మామయ్యా, నువ్వే చెప్పు, నీకు తెలుసుగా!" అని మా అల్లుడు నన్ను పంచాయితీకి లాగాడు.

నాకెందుకు తెలుసంటే, 1998 నుంచి 2017 దాకా గుంటూరు బ్రాడీపేటలో వీడియో గేమ్ పార్లర్ నడిపాను. పది అడుగుల కొట్టు, నాలుగు టీవీలు, మొదట్లో గంటకు పది రూపాయలు. ఎవరు ఏ ఆట ఎంతసేపు ఆడారో పొడుగు నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. మధ్యలో కరెంటు పోతే ఆ పద్దు పక్కన 'క' అని గుర్తు పెట్టి, మిగిలిన నిమిషాలు మర్నాటికి జమ వేసేవాణ్ణి. అలాంటి పుస్తకాలు ఇరవై మూడు అటక మీద ఉన్నాయి. ఆ సాయంత్రం వాటిని దించాను. దుమ్ము దులుపుతూ ఆ పిల్లలకు చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. 'అమ్మకం' అంటే ఏమిటో ముందు అడగండి

కంపెనీలు చెప్పే అంకెల్లో రెండు రకాలున్నాయి. ఫ్యాక్టరీ నుంచి దుకాణాలకు పంపినవి ఒక లెక్క, దుకాణం నుంచి జనం ఇళ్లకు చేరినవి ఇంకో లెక్క. యార్డుకు వచ్చిన మిర్చి టిక్కీలన్నీ అమ్ముడైనట్టు కాదని గుంటూరువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్రాళ్లు మాత్రం ఒక కంపెనీ పంపిన లెక్కను ఇంకో కంపెనీ అమ్మిన లెక్కతో పోల్చి కొట్టుకుంటారు.

అంకెలు కదలకుండా కూర్చుంటాయనీ అనుకోవద్దు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 తయారీ 2013 నాటికే ఆగిపోయింది. చాలా ఏళ్లు దాని లెక్క పదిహేనున్నర కోట్ల పైచిలుకు అనే చెప్పుకున్నాం. తయారీ ఆగిన పదేళ్లకు పైగా గడిచాక సోనీ పదహారు కోట్లు అంది. మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచి ఎన్ని పెట్టెలు అమ్మిందో చెప్పడమే మానేసింది. సంతలో బేరం బాగున్నవాడు సంచి విప్పి చూపిస్తాడు, బాగోలేనివాడు మూతి బిగిస్తాడు. ఆ మౌనాన్ని కూడా ఒక అంకెగానే చదువుకోవాలి.

2. బలమైన మిషన్ కన్నా, ఆటలున్న మిషన్ వైపే జనం

1996లో వచ్చిన నింటెండో 64 చాలా విషయాల్లో అప్పటి ప్లేస్టేషన్ కన్నా గట్టి మిషన్. అయినా నింటెండో క్యాసెట్లను వదల్లేదు. సీడీ నుంచి ఆట ఎక్కడానికి టైం పడుతుంది, క్యాసెట్ పెడితే వెంటనే మొదలవుతుంది. ఆ మాట నిజమే. కానీ క్యాసెట్ తయారీ ఖరీదు ఎక్కువ, అందులో పట్టేది తక్కువ. అప్పటిదాకా నింటెండో మిషన్ల మీదే వచ్చిన ఫైనల్ ఫాంటసీ వరస, ఏడో భాగానికి ప్లేస్టేషన్‌కు మారిపోయింది. 1997లో ఆ ఆట మూడు సీడీల్లో వచ్చింది. లెక్క తేలేసరికి ప్లేస్టేషన్ పది కోట్లు దాటింది. నింటెండో 64 మూడు కోట్ల ముప్ఫై లక్షల దగ్గర ఆగింది.

మా కొట్టు సంగతి చెబుతాను. మొదటి ప్లేస్టేషన్‌ను మద్రాసు బర్మా బజార్లో కొన్నాను. రోజుకు పధ్నాలుగు గంటలు తిరిగేది. రెండో వేసవికి సీడీ చదవడం మానేసింది. అప్పుడు పార్లర్ల వాళ్లందరికీ తెలిసిన వైద్యమే చేశాను. మిషన్‌ను తలకిందులుగా బోర్లించి పెట్టాను. లెన్సు జారే పట్టాలు అరిగి కిందికి వాలితే, బోర్లిస్తే మళ్లీ వరసలోకి వస్తుంది. తప్పంతా మా వీధి దుమ్ముది, నా కక్కుర్తిది. ఆ బోర్లించిన మిషన్ మీదే ఇంకో ఏడాది టెక్కెన్ 3 ఆడించాను. 1999 పుస్తకం నిండా 'టె3' అన్న గుర్తే. తలకిందులుగా ఉన్న మిషన్‌లో చిప్ వేగం ఎంతని ఒక్క కుర్రాడూ అడగలేదు.

3. ధర విన్నప్పుడు ఇంట్లో నాన్న ముఖం ఊహించుకోండి

1995 మే నెల, లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శన. సేగా వాళ్లు వేదిక మీద శాటర్న్ అనే మిషన్ ప్రకటించి, ఈరోజే కొన్ని దుకాణాల్లో దొరుకుతుందన్నారు. వెల 399 డాలర్లు. ఆ తర్వాత సోనీ వంతు వచ్చింది. వాళ్ల మనిషి స్టీవ్ రేస్ మైకు దగ్గరికొచ్చి 299 అన్న అంకె చెప్పి దిగిపోయాడు. శాటర్న్ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. చెప్పకుండా సరుకు దింపినందుకు, అది అందని దుకాణాలవాళ్లు కూడా అలిగారు.

అదే సోనీ పదకొండేళ్లకు పాఠం మరిచిపోయింది. 2006లో ప్లేస్టేషన్ 3ను 499, 599 డాలర్లకు పెట్టింది. ఏడాది ముందే వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 చవక రకం 299. మళ్లీ ఏడేళ్లకు మరుపు మైక్రోసాఫ్ట్‌కు పట్టుకుంది. ఎక్స్‌బాక్స్ వన్‌కు కైనెక్ట్ కెమెరా తగిలించి 499 అంది. ప్లేస్టేషన్ 4 వెల 399. మూడుసార్లూ వంద డాలర్లో, అంతకు మించో తేడా. మూడుసార్లూ ఖరీదైన పెట్టెవాడే చెమటలు కక్కాడు. మిషన్ కావాలని ఏడ్చేది పిల్లవాడైనా జేబులో చెయ్యి పెట్టేది తండ్రి.

4. నిన్నటి రాజుకు రేపటి కూలి ఖాయం కాదు

నింటెండో ఇంటి మిషన్ల లెక్క ఒకసారి వరసగా చదవండి. మొదటిది ఆరు కోట్ల పందొమ్మిది లక్షలు. సూపర్ నింటెండో నాలుగు కోట్ల తొంభై ఒక్క లక్షలు. నింటెండో 64 మూడు కోట్ల ముప్ఫై లక్షల లోపు. గేమ్‌క్యూబ్ రెండు కోట్ల పదిహేడు లక్షలు. వరసన మూడు మెట్లు కిందికే. ఇక దుకాణం కట్టేస్తారనుకున్న సమయంలో 2006లో వీ వచ్చింది. రిమోట్ చేత్తో ఊపి టెన్నిస్ ఆడే మిషన్, ముసలివాళ్లు కూడా లేచి ఆడారు. పది కోట్లు దాటింది. హమ్మయ్య అనుకునేలోగా 2012లో వచ్చిన వీ యూ కోటీ ముప్ఫై ఆరు లక్షల దగ్గరే కూలబడింది. ఆ తర్వాతది 2017 నాటి స్విచ్. అది పదిహేను కోట్లు దాటింది.

ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అంటే ఇదే. 1889లో క్యోటోలో పేకముక్కలు చేసి అమ్ముకోవడంతో మొదలైన కంపెనీ కదా, ఆట పోయినా మళ్లీ ముక్కలు పంచుకోవడం వాళ్లకు పాత అలవాటు. ఏదైనా మిషన్ ఒక్కసారి ఓడగానే "ఇక వీళ్ల పని అయిపోయింది" అని నేను అనడం మానేసి చాలా కాలమైంది.

5. అభిమానం ఉండాలి, ప్లగ్గు పెట్టేముందు వెనక రాసింది చదవాలి

ఇది నా సొంత గాయం. నేను సేగా మనిషిని. మస్కట్ నుంచి వచ్చిన మా ఎదురింటివాళ్ల టీవీలో సేగా ఆటల హీరో, నీలం రంగు సోనిక్ పరుగు చూసిన రోజు నుంచి అంతే. 1999లో సేగా డ్రీమ్‌కాస్ట్ అమెరికాలో విడుదలైందని తెలిసి, న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయికి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. అన్నయ్య 2000 వేసవిలో బట్టల మధ్య చుట్టి తెచ్చాడు.

పెట్టె విప్పిన ఐదు నిమిషాలకు దాన్ని గోడ ప్లగ్గులో పెట్టాను. వెనక 120 వోల్టులని రాసి ఉంది. మన గోడలో 230. టప్పుమంది. కాలిన వాసన ఇల్లంతా నిండింది. అమ్మ వంటింట్లోంచి "కుక్కరా?" అని అడిగింది. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ఒకాయన పవర్ బోర్డు బాగుచేసి, వోల్టేజి తగ్గించే కన్వర్టర్ ఇచ్చి, "చదువుకున్నవాళ్లే ఇలా చేస్తారండీ" అన్నాడు. తీసుకొచ్చి టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చింది గానీ రంగు రాలేదు. అమెరికా మిషన్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, నా టీవీ పాల్ పద్ధతి. నెల రోజులు నీలం సోనిక్‌ను బూడిద రంగులో ఆడాను. ఆ ఆనందం మాత్రం బూడిద రంగులో లేదు.

2001 జనవరి 31న సేగా ఇక మిషన్లు చేయబోమని ప్రకటించింది. డ్రీమ్‌కాస్ట్ మొత్తం అమ్మకం కోటి కూడా లేదు, తొంభై ఒక్క లక్షలు. సోల్‌కాలిబర్, షెన్మూ, క్రేజీ టాక్సీ లాంటి ఆటలున్న మిషన్ అది. నా మటుకు నాకు ఇప్పటికీ అంతకన్నా ముద్దొచ్చే పెట్టె లేదు. అయితే పార్లర్లో పెట్టలేదు. నా ఇష్టంతో కొట్టు అద్దె కట్టలేను కదా.

6. మీరు ఎవరి కోసం కొట్టుకుంటారో వాళ్లు రేపు వియ్యంకులవుతారు

అసలు ప్లేస్టేషన్ పుట్టిందే తెగిపోయిన సంబంధంలోంచి. సూపర్ నింటెండోకు సీడీ తగిలించే పనిలో సోనీ, నింటెండో కలిసి ఉన్నాయి. 1991 జూన్‌లో చికాగో ప్రదర్శనలో సోనీ ఆ విషయం ప్రకటించింది. మర్నాడే నింటెండో మేం ఫిలిప్స్‌తో వెళ్తున్నామంది. పీటల మీద పెళ్లి ఆగినట్టయింది. ఆ పని చూస్తున్న కెన్ కుతరాగి పట్టుపట్టి, సోనీ చేత సొంత మిషన్ చేయించాడు. 1994 డిసెంబర్ 3న అది జపాన్ దుకాణాల్లోకి వచ్చింది.

సేగా కథ ఇంకా విచిత్రం. మిషన్లు మానేసిన ఏడాదిలోనే సోనిక్ వెళ్లి నింటెండో గేమ్‌క్యూబ్‌లో వాలాడు. 2007లో నింటెండో హీరో మారియో, సోనిక్ ఒకే ఆటలో ఒలింపిక్స్ ఆడారు. పదిహేనేళ్ల ముందు ఆ ఇద్దరిలో ఎవరు గొప్పని నేను ఒక స్నేహితుడితో మూడు నెలలు మాటలు మానేశాను. ఇప్పుడు చూస్తే మైక్రోసాఫ్ట్ తన ఆటలను ప్లేస్టేషన్ మీద అమ్ముకుంటోంది. 2024లో సీ ఆఫ్ థీవ్స్, 2025లో ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ అటు వెళ్లాయి. ఈ మాట చెప్పినప్పుడు మా అల్లుడి స్నేహితుడు తల దించుకున్నాడు. నీకెందుకురా సిగ్గు, నువ్వేం అమ్మలేదుగా అన్నాను.

7. తప్పు జరిగితే ఎవరు ఒప్పుకుంటారో చూడండి

ఎక్స్‌బాక్స్ 360 తొలి మిషన్లు వేడెక్కి చచ్చిపోయేవి. ముందువైపు మూడు ఎర్ర దీపాలు వెలిగితే పని అయిపోయినట్టే. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపం కోసం వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్కలో రాసుకుంది. అంత దెబ్బ తిన్న మిషన్ చివరికి ఎనిమిది కోట్లు దాటింది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ సంగతీ అలాంటిదే. రోజుకొకసారి ఇంటర్నెట్‌కు తగలాలి, పాత డిస్కులు అమ్ముకోవడానికి, మార్చుకోవడానికి షరతులు అన్నారు. జనం మండిపడ్డారు. మిషన్ ఇంకా దుకాణానికి రాకముందే ఆ షరతులు తీసేశారు. అయితే ఈసారి పోయిన పేరు తిరిగి రాలేదు. మొదటిసారి కొన్నవాళ్లకు నష్టపరిహారం ఇచ్చారు, రెండోసారి కొనబోయేవాళ్లకు కోపం తెప్పించారు. రెండో కోపం ఎక్కువ కాలం ఉంటుంది.

8. పెట్టె వెల చూసి ఖర్చు అయిపోయిందనుకోవద్దు

చాలా కంపెనీలు మొదట్లో మిషన్‌ను నష్టానికో, అసలుకో అమ్మి ఆటల మీద రాబట్టుకుంటాయి. ఈ కిటుకు మన దగ్గర ఎందుకు పారలేదో నేనే సాక్షిని. ప్లేస్టేషన్ 2 రోజుల్లో మా ఊరి పార్లర్లన్నీ కాపీ డీవీడీల మీదే నడిచాయి, నాదీ అంతే. అసలు డిస్కు వెల చూస్తే నా మూడు రోజుల రాబడి. చేసింది ఒప్పు అనను. మేం కొనకపోవడం వల్లే కదా మనల్ని వాళ్లు గిరాకీ కింద లెక్కవేయలేదని తర్వాత అర్థమైంది. 2020 నవంబర్‌లో బయట విడుదలైన ప్లేస్టేషన్ 5 మనకు 2021 ఫిబ్రవరిలో గానీ రాలేదు.

ఇంకో మాట. మా కాలంలో ఓపిక పట్టినవాడిదే లాభం. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 299 డాలర్లతో మొదలై 2009కి 99కి దిగింది. ఇప్పుడు గాలి మారింది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 49,990 రూపాయలకు వచ్చి, తర్వాత 54,990కి పెరిగింది. పాతబడుతున్న కొద్దీ వెల పెరిగే మిషన్‌ను నా జీవితంలో మొదటిసారి చూస్తున్నాను. దానికి తోడు ఆన్‌లైన్ చందా, ఆటలు, రెండో రిమోట్. కొనేముందు మూడేళ్ల ఖర్చు ఒక కాగితం మీద కూడండి.

9. ప్రపంచం లెక్క వేరు, మన వీధి లెక్క వేరు

2007 మార్చి 18, ఆదివారం. ఆ పేజీ మా అల్లుడికి చూపించాను. ముందు రాత్రి ప్రపంచ కప్పులో మనం బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయాం. తెల్లారేసరికి కొట్టు ముందు పిల్లల సైకిళ్లు. నాలుగు టీవీల్లోనూ క్రికెట్ 07, నాలుగింట్లోనూ ఇండియా, బంగ్లాదేశ్ మ్యాచే. లైసెన్సు లేక ఆటలో మనవాళ్లకు మారుపేర్లు ఉండేవి. కుర్రాళ్లు ఓపిగ్గా ఒక్కో అక్షరం నొక్కి సచిన్, ద్రావిడ్, గంగూలీ అని సరిచేసి మెమరీ కార్డులో దాచుకున్నారు. పదకొండింటికి కరెంటు పోయింది. పేజీలో వరసగా నాలుగు 'క'లు. ఎవరూ ఇంటికి పోలేదు. ఉక్కపోతలో అరుగు మీద కూర్చుని, వచ్చాక ఆడి, బంగ్లాదేశ్‌ను చిత్తుగా ఓడించి వెళ్లారు.

ఆ ఏడాది లోకమంతా వీ కోసం ఎగబడుతోంది. మా వీధిలో దాని పేరు తెలిసినవాళ్లు ఇద్దరు. మాకు ప్లేస్టేషన్ 2యే కొత్త మిషన్. 2009లో హైదరాబాద్ కంపెనీలు దాని మీద మన ఆటలు కూడా చేశాయి. ఒకటి హనుమంతుడి మీద, ఇంకొకటి దేశీ అడ్డా పేరుతో మన వీధి ఆటల మీద. చివరికి నా పార్లర్‌ను మూయించింది సోనీకి పోటీదారెవరో కాదు. 2016లో చవక డేటా వచ్చింది, ప్రతి కుర్రాడి జేబులోకీ ఆట చేరింది. మరుసటి ఏడాది తాళం వేశాను.

ఇంతా విని మా అల్లుడు, "అయితే ఎవరు గెలిచినట్టు మామయ్యా?" అన్నాడు. ఇరవై మూడో పుస్తకం చివరి పేజీ తీసి వాడి చేతికిచ్చాను. 2017లో నేను రాసిన ఆఖరి పద్దు అది: ఇద్దరు, రెండు గంటలు, నలభై రూపాయలు, బాకీ. కింద ఏ కంపెనీ మిషనో కూడా రాయలేదు.

ఆ ఇద్దరూ ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటారు. ఇది చదువుతుంటే ఒక మాట. నలభై రూపాయలు తేనక్కర్లేదు. గుంటూరు వచ్చినప్పుడు మా ఇంటికి రండి. బోర్లించిన మిషన్ ఇంకా పనిచేస్తోంది, రెండో రిమోట్ ఖాళీగా ఉంది.